డాక్టరమ్మ వ్యాసానికి నేను రాసిన క్రయపత్రం

నందిగామలో మిర్చి సీజను వచ్చిందని క్యాలెండరు చెప్పనక్కర్లేదు, నా ముక్కు చెబుతుంది. నిన్న కల్లాల మీంచి వచ్చిన ఘాటుకి నేను తుమ్మిన తుమ్ము కీసర దాకా వినబడే ఉంటుంది. "ఎన్నాళ్ళ నుంచయ్యా ఇది?" అని గోడవతల నుంచి అడిగే గొంతే లేదు. డాక్టర్ మస్తాన్‌బీ గారు పోయి రెండేళ్ళు.

నేను దస్తావేజు లేఖరిని. నా గదికి ఆనుకునే ఆవిడ ఆసుపత్రి. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. కూర్చోవడం ఎరగని మనిషి. ఆవిడ కుర్చీ కొన్ననాటి ప్లాస్టిక్ కవరుతోనే ముసలిదైంది. మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళ దగ్గును క్షయ అని పొరబడకుండా ఎలా గుర్తుపట్టాలో, ఏళ్ళ తరబడి చూసినదంతా కూర్చి ఇంగ్లీషులో వ్యాసం రాశారు. పంపేముందు ఆ ఆడవాళ్ళనే వరండాలో చేర్చి తెలుగులో చదివి వినిపించారు. రమణమ్మ అనే ఆవిడ మధ్యలో లేచింది. "పొద్దున కాదండీ మేం దగ్గేది, బస్తా దులిపినప్పుడు. మార్చండి." మార్చారు.

ఒక విదేశీ పత్రిక వేసుకుంటామని హక్కుల ఫారం పంపింది. ఆవిడ కళ్ళకు శుక్లాలు. "పద్ధతిగా నింపి పంపవయ్యా కోటేశ్వర్రావూ," అన్నారు. పద్ధతి నాకా చెప్పేది! అందులో రెండు గడులు. మొదటిది: హక్కు రచయితదే, ప్రపంచంలో ఎవరైనా ఊరికే చదువుకోవచ్చు. నా కంటికది హద్దుల్లేని పోరంబోకు. రెండోది: సర్వహక్కులూ ప్రచురణకర్తకు. ఆహా! కృష్ణానది పుట్టింది లగాయతు ఇంత శుభ్రమైన క్రయపత్రం ఎవరూ రాసి ఉండరు. అక్కడ టిక్కు కొట్టి, నా కంప్యూటర్లో స్కాన్ చేసి ఉన్న ఆవిడ సంతకం అతికించి పంపేశాను. మీసం కూడా తిప్పాను.

మర్నాడు గొప్పగా చెబితే ఆవిడ మొదటిసారి ఆ కుర్చీలో కూలబడ్డారు.

"అంటే చందా కట్టినోళ్ళే చదవాలా?"

"అంతేనండి. మీరైనా సరే. టైటిల్ మాత్రం క్లియరండి."

"నీ టైటిల్ తగలెయ్య! వీరులపాడు ఆసుపత్రిలో నర్సు కూడా ఫోన్లో చూసుకోవాలనయ్యా నేను రాసింది. రమణమ్మ దగ్గుకి తాళం వేసి ఊరుగాని ఊరోళ్ళ చేతిలో పెట్టావా?"

"రద్దు పత్రం రాద్దామండీ!"

"ముందు తప్పయిందని రాయి. నీ పేరుతో."

రాశాను. ఇంకా అచ్చు కాలేదు, తప్పు నాది, ఫారం మార్చుకోనివ్వండి అని. జవాబు లేదు. ఆ వారం మెయిలు తెరిచీ తెరిచీ మౌసు సగానికి అరిగింది. పేషెంటుకీ పేషెంటుకీ మధ్య ఆవిడ నా గుమ్మంలో నిలబడేవారు. "వచ్చిందా?" "లేదండి." తిట్టేవారు కాదు. తిట్టినా బావుండేది. రమణమ్మ మాత్రం, "ఏం లేఖరిగారూ, మా దగ్గు రిజిస్ట్రేషనయిందా?" అని ఓ వాత పెట్టి పోయింది.

తొమ్మిదో రోజున కొత్త ఫారం వచ్చింది. ప్రతి గడీ నాచేత చదివించుకుని, భూతద్దం పెట్టుకుని, మొదటి గడిలో టిక్కు కొట్టి, ఈసారి సంతకం ఆవిడే చేశారు. పెన్ను నా వైపు రానివ్వలేదు.

ఇప్పుడు ఆవిడ లేరు. ఎవరైనా తాళం వేస్తే అడగడానికి మిగిలింది, మొదట వేసిన నేనే. అందుకే రోజూ గది తెరవగానే ఫోన్లో ఆ వ్యాసం పేజీ నొక్కుతాను. అది తిరుగుతుంది, తిరుగుతుంది, ఈలోగా నా గుండె జగ్గయ్యపేట దాకా పోయి వస్తుంది. తెరుచుకుంటుంది, నువ్వెవరని అడక్కుండా. అయినా రేపు మళ్ళీ చూడాల్సిందే.