వంతెన మీద దిగేవాళ్లు

రోడ్ల విభాగంలో ఆమె కుర్చీ వెనక గోడకు 'డ్రాఫ్ట్స్‌మన్' అని రాసిన చెక్కపలక ఒకటి వేలాడుతుండేది. ఇరవై ఆరేళ్లుగా ఆ కుర్చీలో ఆమే కూర్చుంటున్నా పలక మార్చాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, ఆమెకు కూడా. ఆఫీసులో అందరికీ ఆమె మ్యాపులక్క. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ హెడ్ గుమస్తా కూడా అక్కా అనే పిలిచేవాడు.

ఊళ్లో ఆమె గీయని వీధి లేదు. ఏ సందు ఎన్ని అడుగుల వెడల్పు, ఏ మలుపులో మురుగుకాలువ మూత ఉంది, ఏ రోడ్డు ఎక్కడ సన్నబడి ఎక్కడ మళ్లీ ఒళ్లు చేస్తుంది అన్నీ కళ్లు మూసుకుని చెప్పేది. తమాషా ఏమిటంటే ఆ వీధుల్లో సగానికి సగం ఆమె ఎన్నడూ అడుగు పెట్టినవి కావు. ఇల్లు, బస్సు, ఆఫీసు. మళ్లీ బస్సు, ఇల్లు. ఊరు ఆమెకు కాగితం మీదే ఎక్కువ తెలుసు. ఆ కాగితం మీద ఒక అంకెకు ఇంకో అంకె పొసగకపోతే మాత్రం పళ్ల సందున పీచు ఇరుక్కున్నట్టే. అది ఊడి వచ్చేదాకా వేరే పని మీద మనసు నిలిచేది కాదు.

ఆ ఏడు నగరం సైకిళ్లకు దారులు వేయాలనుకుంది. సొంతంగా వేసుకునే తాహతు లేదు. ఇలాంటి పనులకు ఊళ్లకు సాయం చేసే సంస్థ ఒకటి బయట ఎక్కడో ఉందని తెలిసి, దరఖాస్తు తెప్పించారు. యాభై రెండు పేజీలు. అందులో ముఖ్యమైనవి రెండు. దారులన్నీ ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయో చూపించే మ్యాపు ఒకటి. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఏ చోట ఎంతమంది సైకిలు మీద వెళ్తున్నారో లెక్క రెండోది. రోడ్డు మేస్త్రీలను పన్నెండు చోట్ల నిలబెట్టి లెక్క తీయించారు. ఎలా లెక్కపెట్టాలో ఫారంలోని సూచనలు చదివి వాళ్లకు వివరించింది మ్యాపులక్కే. వచ్చిన అంకెలను బట్టి గీతల మందం పెంచుతూ మ్యాపు గీయడం మొదలుపెట్టింది. ఎక్కువమంది వెళ్లే దారి లావు గీత, తక్కువమంది వెళ్లేది సన్న గీత.

నది దగ్గర చెయ్యి ఆగింది.

ఇవతలి ఒడ్డు రోడ్డు మీద ఆరువందల నలభై మంది. అవతల బట్టల మిల్లుల రోడ్డు మీద ఆరువందల పది. రెండింటినీ కలిపే వంతెన మీద పదకొండు.

వంతెన దగ్గర లెక్క తీసిన మేస్త్రీని పిలిచింది. "ఏం మేస్త్రీ, మిగతా ఆరొందల మందీ నదిలో దూకారా?"

"నేను కునుకు కూడా తీయలేదక్కా. కావాలంటే అక్కడి టీ కొట్టతన్ని అడగండి. ఏడు టీలు తాగాను."

"టీలు సరిగ్గానే లెక్కపెట్టావు."

"సైకిళ్లూ సరిగ్గానే లెక్కపెట్టానక్కా. మీరు చెప్పినట్టే పెట్టాను," అన్నాడు నొచ్చుకుంటూ.

ఇంజనీరుగారు కాగితం వంక ఒక్కసారి చూసి తేల్చేశారు. "మ్యాపులోంచి వంతెన తీసేయండమ్మా. పదకొండు మందికి దారి కావాలని అడిగితే వాళ్లు నవ్విపోతారు. శుక్రవారానికి దరఖాస్తు వెళ్లాలి."

అది సోమవారం. వంతెన తీసేస్తే ఊరి సైకిలు దారి రెండు ముక్కలవుతుంది. అవతలి ముక్క మిగతా దారులతో కలవదు కనక సాయం అంతా ఇవతలి ఒడ్డుకే. ఆ సంస్థ మళ్లీ దరఖాస్తులు పిలిచేది ఆరేళ్లకు. మిల్లుల్లో పనిచేసేవాళ్లు అప్పటిదాకా బస్సుల మధ్య ఇరుక్కుంటూ పోవాల్సిందే. అందులో ఆమె భర్త ఒకడు.

భర్తది కుట్టుమిషన్లు బాగుచేసే పని. రోజూ పనిముట్ల పెట్టె సైకిలు వెనక కట్టుకుని నది దాటి మిల్లులకు వెళ్తాడు. ఆ సాయంత్రం ఆయన అన్నానికి కూర్చోగానే అడిగింది.

"మీరు వంతెన మీదుగానే కదా వెళ్తారు?"

"లేకపోతే ఈదుకుంటూ వెళ్తానా?"

"దాని మీద సైకిళ్లు బాగా తిరుగుతాయా?"

"తిరక్కేం. కాకపోతే అక్కడ ఎవరూ తొక్కరు. దిగి నడిపించుకుపోతాం."

మ్యాపులక్క చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"ఇరవై రెండేళ్ల కాపురంలో ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు. ఎడం చెప్పు ముందు తొడుక్కుంటానని కూడా నీకు చెప్పలేదు."

"ఎందుకు దిగుతారు?"

"అందరూ దిగుతారు."

"మొట్టమొదట దిగినవాడు ఎందుకు దిగాడు?"

"వాణ్ణి పట్టుకుని అడుగు. ముందు ఆ కూర వెయ్యి, చల్లారిపోతోంది."

మర్నాడు ఆఫీసుకు గంట ఆలస్యంగా వస్తానని కబురు పెట్టి ఆమె వంతెన దగ్గర దిగింది. అది ఆమె మ్యాపుల్లో ఎన్నోసార్లు గీసిన వంతెనే. బస్సు కిటికీలోంచి తప్ప ఎప్పుడూ చూడలేదు. మూడో దీపస్తంభం దగ్గరికి రాగానే సైకిళ్లవాళ్లు ఒక్కొక్కరే దిగిపోతున్నారు. ఎవరూ చెప్పడం లేదు, ఎక్కడా బోర్డు లేదు. మాట్లాడుకుంటున్నవాళ్లు మాట మధ్యలో ఆపకుండానే దిగి, సైకిలు పక్కన నడుస్తూ, అవతలి చివర మళ్లీ ఎక్కుతున్నారు. ఫారంలో గళ్లు రెండే. తొక్కేవాళ్లు, నడిచేవాళ్లు. సైకిలు నడిపించుకుపోయేవాళ్లను నడిచేవాళ్లలో వేయమని సూచన. ఆ సూచనను పైకి చదివింది తనే. మేస్త్రీ తప్పు రవ్వంత కూడా లేదు.

ఎదురొచ్చిన ప్రతివాళ్లనూ ఆపి అడిగింది. ఒక నర్సు, "ఇక్కడ దిగాలి కదండీ," అని, ఎందుకో తనకే అనుమానం వచ్చినట్టు వెనక్కి చూసింది. ఒక వాచ్‌మన్, "రూలు ఉందమ్మా, లేకపోతే ఇంతమంది దిగుతారా?" అన్నాడు. చివరికి ఒక లెక్కల మాస్టారు గడ్డం పైకెత్తి, దాని కింద ఉన్న మచ్చ చూపించాడు.

"ఇదిగోండి కారణం. బస్సు పక్కకి నెడుతుంది. పక్కకి వెళ్తే ఆ జల్లెడ ఉంది. చక్రం అందులో పడిందంటే మనం ముందుకి, సైకిలు వెనక్కి."

వాననీరు కిందికి దిగడానికి వంతెన అంచున పెట్టిన ఇనప జల్లెడలవి. వాటి కడ్డీలు రోడ్డుకు అడ్డంగా కాక రోడ్డు వెంబడే ఉన్నాయి. మ్యాపులక్క సంచిలోంచి స్కేలు తీసి, నలుగురూ చూస్తుండగా గొంతుక్కూర్చుని కొలిచింది. కడ్డీల మధ్య సందు వేలున్నర వెడల్పు, సైకిలు చక్రం వేలంతే. పోస్టు డబ్బాలో ఉత్తరం పడ్డంత సులువుగా పడుతుంది. రెండు వైపులా కలిపి నలభై నాలుగు జల్లెడలు.

'ఇలా పెట్టమని ఎవరు చెప్పారు?' అన్నది ఆ తర్వాతి ప్రశ్న. దానికి జవాబు ఆఫీసు బీరువాలోనే ఉంది.

మధ్యాహ్నం పాత డ్రాయింగుల గొట్టాలు దించి దుమ్ము దులిపింది. వంతెన డ్రాయింగు ఇరవై ఒక్క ఏళ్ల నాటిది. కుడి మూలన పొడి అక్షరాల సంతకం చూడగానే గుర్తుపట్టింది. తనదే. దాని వెనక అప్పటి ఇంజనీరు గీసిచ్చిన పెన్సిలు చిత్తు కూడా గుచ్చి ఉంది. అందులో జల్లెడ ఉండాల్సిన చోట ఉత్త పెట్టె మాత్రమే ఉంది. కడ్డీలు ఎటు ఉండాలో ఆయన రాయలేదు. తను అడగలేదు. పెట్టె ఖాళీగా ఉంటే బాగుండదని నిలువు గీతలతో నింపింది, రోడ్డు గీతలతో పాటు సాగుతూ కంటికి పొందిగ్గా ఉంటాయని. ఎంత శుభ్రంగా గీశావమ్మా అని ఆ రోజు ఆయన మెచ్చుకోవడం కూడా గుర్తొచ్చింది. కంట్రాక్టరు ఆ గీతలను చూసే ఇనుము పోయించాడు.

ఆ నిలువు గీతలను ఒక్కొక్కటిగా వేలితో తడిమింది. ప్రతిదానికీ ఎందుకని అడిగే తను, అడగాల్సిన ఒక్క చోట అడగలేదు. మాస్టారి గడ్డం కింద మచ్చ కళ్లముందు నుంచి పోలేదు.

డ్రాయింగు చుట్టి పట్టుకుని ఇంజనీరుగారి గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన అంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అయితే ఏం చేద్దామంటారు? మన తప్పు మనమే రాసిచ్చి సాయం అడుగుదామా?"

"తీసేస్తే అవతలి ఒడ్డు పోతుంది సార్."

"పదకొండని మనం అబద్ధం రాయడం లేదు కదమ్మా."

"రేపు సంస్థవాళ్లు వచ్చి పొద్దున్నే వంతెన మీద నిలబడితే ఏం చెప్తాం? ఆరొందల సైకిళ్లు కళ్లముందే నడిచిపోతుంటాయి."

"మీ పేరు బయటికొస్తుంది."

"కొత్తగా రావడమేంటి సార్, డ్రాయింగు మీద ఇరవయ్యొక్క ఏళ్లుగా ఉంది."

ఇంజనీరుగారికి నవ్వు వచ్చింది గానీ ఆపుకున్నారు. "ఫారంలో గళ్లు రెండే ఉన్నాయి."

"మూడోది గీస్తాను. అది నా పనే."

బుధవారం మేస్త్రీతో పాటు తనూ నిలబడి మళ్లీ లెక్క తీసింది. తొక్కినవాళ్లు తొమ్మిది. నడిపించుకుపోయినవాళ్లు ఆరువందల ఇరవై ఏడు. శుక్రవారం దరఖాస్తు వంతెనతోనే వెళ్లింది. వెనక పాత డ్రాయింగు నకలు కూడా గుచ్చారు.

రెండు నెలలకు సంస్థ తరఫున ఒకావిడ వచ్చింది. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. వంతెన మీద జనంతో పాటు ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిచి, మ్యాపులక్కను అడిగింది.

"ఈ మూడో గడి గీసింది మీరేనా? ఇలాంటిది మాకు ఇంతవరకూ ఏ ఊరి నుంచీ రాలేదు."

"మీ ఫారంలో లేదండీ, అందుకే."

"అదే ఆలోచిస్తున్నాను. మిగతా ఊళ్లలో ఇలాంటివాళ్లను ఎంతమందిని వదిలేశామో." సంచిలోంచి ఫారం తీసి అంచున ఏదో రాసుకుంది. "ఒక పని చేద్దాం. ముందు జల్లెడలు మార్చండి. నెల తర్వాత లెక్క తీయండి. కనీసం యాభైమంది తొక్కితే వంతెన మీద దారి మంజూరు చేస్తాం. అప్పటికీ ఎక్కకపోతే కారణం జల్లెడలు కావన్నమాట. అప్పుడు వంతెన తీసేయాల్సి వస్తుంది."

జల్లెడలు మారాయి. ఈసారి డ్రాయింగులో కడ్డీలు అడ్డంగా ఉండడమే కాదు, పక్కన బాణం గుర్తు కూడా ఉంది. ఆమె వారం తర్వాత వెళ్లి చూసింది. జనం మూడో దీపస్తంభం దగ్గర శుభ్రంగా దిగుతున్నారు. రెండో వారమూ అంతే.

"జల్లెడలు మార్చాం, చూశారా?" అని భర్తను అడిగింది.

"చూశాను. బాగా చేశారు."

"మరి ఎక్కరేం?"

"ఏమో. ఆ స్తంభం కనపడగానే కాళ్లు వాటంతటవే దిగిపోతాయి."

లెక్క రోజు రానే వచ్చింది. లెక్క తీసేవాళ్లు ఎవరితోనూ మాట్లాడకూడదని, సైగ కూడా చేయకూడదని సంస్థ రాసి పంపింది. ఆమె అట్ట మీద కాగితం పెట్టుకుని స్తంభం పక్కన నిలబడింది. ఏడున్నర అయింది. మొదటి గడిలో నాలుగు గీతలు, మూడో గడిలో నూట తొంభై.

ఎనిమిదికి భర్త వచ్చాడు. దిగాడు. ఆమెను చూసి, "టీ తాగావా?" అన్నాడు. ఆమె పెదవులు బిగించి కాగితం వంక చూసింది. "ఓహో, మాట్లాడకూడదా," అని రెండడుగులు వేసి, ఎందుకో ఆగాడు. వంగి జల్లెడను బొటనవేలితో నొక్కాడు. మిషను పెడలు చూసినట్టు అటూ ఇటూ చూశాడు. ముందు చక్రాన్ని దాని మీదికి తోసి, వెనక్కి లాగి, మళ్లీ తోశాడు.

వెనకే సైకిలుతో నడిచి వస్తున్న ఒకమ్మాయి ఆగింది. "పడుతుందా అన్నా చక్రం?"

"పడదమ్మా. కడ్డీలు ఇప్పుడు అడ్డంగా ఉన్నాయి."

"నిజంగానా?"

"కావాలంటే ఎక్కి చూడు. పడితే నేనున్నాగా, మిషన్లతో పాటు సైకిళ్లూ బాగుచేస్తా."

ఆ అమ్మాయి ఒకసారి వెనక్కి చూసి ఎక్కింది. మొదటి జల్లెడ మీద చక్రం టకటకమని చప్పుడు చేసి దాటిపోయింది. ఆమె వెనక వాచ్‌మన్ నిలబడి చూసి, రూలు మారినట్టుందని గొణుక్కుంటూ తనూ ఎక్కాడు. ఆయన వెనక ఇద్దరు. మ్యాపులక్క పెన్సిలు మొదటి గడిలోకి వెళ్లింది. సాయంత్రం ఆరింటికి ఆ గడిలో నూట పన్నెండు గీతలు తేలాయి. వంతెన మ్యాపులో నిలిచింది.

భర్త మాత్రం పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ మూడో గడిలోనే పడ్డాడు. ఇంటికి వచ్చాక ఇక ఆగలేక అడిగింది. "ఊరందరికీ ఎక్కమని చెప్పి మీరు ఎక్కరేం?"

"తొక్కితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. నడిస్తే పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో సూది విరిగింది, దారం తెగింది అని ఎవరూ పిలవరు."

"ఆ పది నిమిషాలూ ఏం ఆలోచిస్తారు?"

"అదీ అడుగుతావా?"

"అడుగుతాను."

ఆయన పనిముట్ల పెట్టె పక్కకు జరిపి కూర్చుని, చెప్పడం మొదలుపెట్టాడు.