చిన్నాన్నతో కట్టిన జలాంతర్గామి

మొన్న ఆదివారం చెరువులో దింపిన నా పడవ లోపలికి నీళ్ళు చేరి ముక్కు కిందకి వేలాడేసుకుని పైకొస్తే, దాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఇంటికి తెచ్చుకునేసరికి నా పని అయిపోయింది. పడవంటే మనుషులెక్కేది కాదు, రెండు మూరల పొడుగున నేను కట్టుకున్న బుల్లి జలాంతర్గామి. గట్టుమీద నిలబడి రేడియో పెట్టెతో నడిపితే నీళ్ళలోకి దిగి, కాసేపు తిరిగి, మళ్ళీ పైకి వస్తుంది. స్నానాలగదిలో బకెట్ నిండా నీళ్ళు పట్టి, సైకిలు షాపువాడు ట్యూబు ముంచి చూసినట్టు దాన్ని ముంచి, బుడగలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయా అని చూస్తుంటే నడుము పట్టేసింది. మన వయసువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, వంగడం ఒక ఎత్తు, లేవడం ఇంకో ఎత్తు. ఇంక ఓపిక లేదు, ఎవరికైనా ఇచ్చి పారేద్దామనుకుంటూ ఆ తడి నేలమీదే కూలబడ్డాను. అలా కూర్చున్నప్పుడు చిన్నాన్న గుర్తొచ్చాడు.

చిన్నాన్న అంటే మా నాన్న తమ్ముడు, ఖిదిర్‌పూర్ ఓడరేవులో లాంచీలు బాగుచేసే ఒక షెడ్డులో ఫిట్టరు. నాన్న నా చిన్నతనంలోనే పోతే నన్ను పెంచింది ఆయనా పిన్నీ. నీటిమీద తేలేదాన్ని ఎవడైనా చేస్తాడు, దిగి మళ్ళీ పైకొచ్చేదాన్ని చెయ్యాలని ఆయన పట్టుదల. "పడవ మునక్కూడదని లోకమంతా మొక్కుకుంటాది, మీరేటి, ముంచడానికి ఇన్ని అగసాట్లు పడతన్నారు?" అని పిన్ని వేళాకోళం చేసేది. చిన్నాన్నకి ఆ మాటే గిట్టేది కాదు. మునగడం వేరు, దిగడం వేరు అనేవాడు. మా ఇంట్లో పొరపాటున ఎవరైనా 'మునిగింది' అంటే ఆ పూట ఆయన అన్నం కూడా ముభావంగానే తినేవాడు.

నీళ్ళ పైపు ముక్కతో ఒళ్ళు, దాని లోపల బ్యాటరీ, మోటార్లు, రేడియో పెట్టుకునే అద్దంలాంటి గొట్టం, ఆ గొట్టానికి రెండు వైపులా మూతలు, మూతకీ గొట్టానికీ మధ్య నల్లటి రబ్బరు రింగు. కట్టడమంతా ఆయన పని, ఆఖర్న రింగుకి గ్రీజు రాసి మూత బిగించడం మాత్రం నాది, నా వేళ్ళు సన్నవని. మా పాప మూత పెడితే సుక్క దిగదని షెడ్డులో అందరికీ చెప్పుకునేవాడు. అయితే ఒక్కటే షరతు, మూత పెట్టేముందు తలకి గుడ్డ కట్టుకోవాలి. రింగుకి అడ్డంగా ఒక్క పోగు పడినా నీళ్ళకి దారి దొరుకుతుంది.

రేడియో మాత్రం ఓడలమీద వచ్చే సామాను అమ్మే దుకాణంలో దొరికింది, మనిషెత్తు ఏరియల్‌తో. ఇప్పుడొచ్చే కొత్త సెట్లు గట్టుమీద బ్రహ్మాండంగా పనిచేస్తాయి గానీ, పడవ నీళ్ళ కిందకి వెళ్ళగానే వాటి మాట దానికి వినపడదు. అందుకే ఆ పాతదాన్నే ఇవాళ్టికీ బతిమాలుకుంటూ వాడుతున్నాను. మా పేటలో చెరువు నీళ్ళు పచ్చగా చిక్కగా ఉండేవి, జానెడు లోతుకి వెళ్తే ఏదీ కనపడదు కాబట్టి పడవ నెత్తిన పసుపు రంగు పూశాం. మొదటిసారి అది మెట్ల దగ్గర పైకి తేలితే గిన్నెలు తోముకునే ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. తరవాత్తరవాత వాళ్ళే, చేప బాగుందా దాదా అని, బెంగాలీలో అన్నని పిలిచినట్టు, చిన్నాన్నని పలకరించేవారు.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, చలికాలంలో పేట క్లబ్బువాళ్ళు ఉత్సవం చేస్తూ పడవ విన్యాసం చూపించమని అడిగారు. చిన్నాన్న రిటైరవడానికి ఇంకో రెండు నెలలుంది. జన్మంతా ఇతరుల లాంచీలకి అతుకులేసినవాడు, తను సొంతంగా చేసినదాన్ని షెడ్డువాళ్ళకి చూపించాలని అందరినీ పిలుచుకొచ్చాడు. పడవ రెండుసార్లు దిగి చక్కగా లేచింది. మూడోసారి దిగింది, మరి లేవలేదు. ఎంత మీట నొక్కినా నీళ్ళు కదల్లేదు. ఎవరో నవ్వారు. చిన్నాన్న ఇస్త్రీ చొక్కాతోనే ఛాతీలోతు నీళ్ళలోకి దిగి, బురదలో కాళ్ళతో తడిమి తడిమి దాన్ని పైకి తెచ్చాడు. గొట్టం నిండా పచ్చటి నీళ్ళు.

మసకబారుతున్న కళ్ళతో చాలాసేపు పరీక్షించి, వెనక పంకాని తిప్పే ఇరుసు గొట్టంలోంచి బయటికొచ్చే చోట తను వేసిన అతుకే విడిందని తేల్చుకున్నాడు. "నా సేతులు అయిపోనాయి పాపా, ఇంక సాలు" అన్నాడు. ఇంటికొచ్చాక ఆరబెడదామని నేను మూత తీస్తే, నల్లటి రింగు మీద గ్రీజులో అతుక్కుని ఒక పొడుగాటి వెంట్రుక. నాదే. ఆ పొద్దున తలంటుకుని, నలుగురిలో బాగా కనపడాలని జుట్టు విరబోసుకుని, గుడ్డ కట్టుకోకుండానే హడావిడిగా మూత బిగించాను. ఆయన అంతమంది ముందు నా వేళ్ళని పొగిడిన మాట గుర్తొచ్చింది. వెంట్రుక తీసి పారేశాను.

రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపులు ఎనిమిదేళ్ళు నడిచాయి. ఈలోపు చిన్నాన్న పనిముట్లన్నీ నాకిచ్చేశాడు. ఊరందరి యంత్రాలూ బాగుచేసిన మనిషి, ఇంట్లో ఫ్యూజు పోయినా బయటివాణ్ణి పిలిచి, వాడు చేస్తుంటే పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు. అది చూసినప్పుడల్లా నామీద నాకే అసహ్యం వేసేది.

ఆయన కళ్ళకి శుక్లాలు తీయించాక, చూపు తేటపడింది కదా, ఇప్పుడైనా చెబితే మళ్ళీ బల్ల దగ్గర కూర్చుంటాడని ఆశ పుట్టి, వెంట్రుక సంగతంతా చెప్పేశాను. ఆయన విని నవ్వి నా తలమీద చెయ్యివేశాడు. "నాకోసం ఎంత అబద్దమాడతన్నావే పాపా" అన్నాడు. నేను ఒట్టేశాను, ఏడ్చాను, పోట్లాడాను. ఎంత గట్టిగా చెబితే అంత మంచిదాన్నయిపోయాను ఆయన కంటికి. పాప తప్పు తనమీద వేసుకుందని పిన్నికి చెప్పి మురిసిపోయాడు. ఆ నమ్మకంతోనే పోయాడు.

ఈ రోజుల్లో ఇలాంటి పడవలు కట్టే కుర్రకారు ఫోనులో ఒక గుంపుగా ఉన్నారు, నన్నూ అందులో చేర్చారు. ఎవరి పడవలోకి నీళ్ళొచ్చినా ఆ సాయంత్రమే ఫొటో పెట్టి, రింగు నేనే సరిగ్గా వెయ్యలేదని రాస్తారు, మిగతావాళ్ళు నాలుగు జోకులేస్తారు, అంతటితో సరి. వాళ్ళని చూస్తే నాకు అసూయగా ఉంటుంది. మనకి ఆ తేలిక తెలీదు. పెద్దవాళ్ళ దగ్గర తప్పు దాచుకోవడమే మర్యాద అనుకుంటూ పెరిగాం. నేనూ ఉత్సవం జరిగిన ఆ సాయంత్రమే నోరు విప్పి ఉంటే, చిన్నాన్న నన్ను నోరారా తిట్టి, తెల్లారేసరికి మళ్ళీ ఆకురాయి అందుకునేవాడు.