రెండు నిమిషాలకు మూసుకునే దారి

2005లో మా నెట్ సెంటర్ అమీర్‌పేటలో, ఎస్.ఆర్. నగర్ వైపు మళ్లే సందులో ఉండేది. పదకొండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్. కోచింగ్ బ్యాచ్‌లు వదిలితే పిల్లలు మెట్ల మీద కూర్చుని వంతు కోసం చూసేవాళ్లు. నేను చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు కీబోర్డు మీదే నేర్చుకున్నాను. అయినా ఏ కంప్యూటరు ఎందుకు మొరాయిస్తోందో చాలాసార్లు నేనే చెప్పగలిగేదాన్ని. నాకు అంతుపట్టకపోతే యాదగిరికి ఫోను చేసేదాన్ని. అతను ఆ చుట్టుపక్కల ఆఫీసులకు నెట్‌వర్క్ పనులు చేసే మెకానిక్.

పదకొండు కంప్యూటర్లకూ ఇంటర్నెట్ ఒకే తీగ మీద వచ్చేది. దాన్ని అందరికీ పంచే చిన్న పెట్టె పేరు రౌటర్. అందులో ఫైర్‌వాల్ అని ఒక కాపలా ఉంటుంది. లోపలి కంప్యూటరు బయటికి కబురు పెడితే అది ఒక దారి తెరుస్తుంది, జవాబును ఆ దారిలోనే రానిస్తుంది. పిలవకుండా వచ్చినదాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. పదకొండు మంది తెరిచిన దారులన్నీ గుర్తుపెట్టుకోలేక మా పెట్టె మధ్యాహ్నాలు ఉక్కిరిబిక్కిరయ్యేది. పెద్దది కొనమన్నాడు యాదగిరి. ఉన్నదానితోనే సరిపెట్టమన్నాను నేను.

వసుధ కరీంనగర్ వైపు అమ్మాయి. పక్క సందులో హాస్టల్లో ఉంటూ టెస్టింగ్ కోర్సు పూర్తిచేసింది. టెస్టింగ్ అంటే, ఒకరు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకునే పని. ఆమెకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. ఏం చెప్పాలన్నా నోటుబుక్కులో రాసి చూపేది. నేనూ అందులోనే జవాబు రాసేదాన్ని. నేను ఒక్కో అక్షరమే పెడుతుంటే, పూర్తయ్యేదాకా పెన్ను వంకే చూస్తూ కూర్చునేది. ఒక్కసారీ విసుక్కోలేదు.

అప్పట్లో కంపెనీలు మొదటి ఇంటర్వ్యూ ఫోనులోనే చేసేవి. అందుకే ఆమె అప్లికేషన్లన్నీ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాయి. చివరికి బెంగళూరు కంపెనీలో ఒకాయన మెసెంజర్‌లో ఇంటర్వ్యూ చేస్తానన్నాడు. మెసెంజర్ అంటే ఇద్దరు అప్పటికప్పుడు అక్షరాలతో మాట్లాడుకునే కిటికీ. అది మా సెంటర్‌లోనే జరిగింది, సగంలోనే ఆగిపోయింది. వసుధ నా బల్ల దగ్గరికి వచ్చి పుస్తకం పెట్టింది.

"అమ్మమ్మా, మధ్యల మాటలు రాలే. ఆయన నేను లేచి పోయిన అనుకున్నడు."

నేను మొహమాటపడే మనిషిని కాను. "మిగతా పది బాగానే ఉన్నాయి. నువ్వే ఏదో నొక్కి ఉంటావు" అని రాశాను.

ఆమె చదివి, కింద "కావచ్చు. చూద్దాం" అని రాసింది. అలా రాసిన కస్టమరును నేను అంతవరకు చూడలేదు. అందరూ తప్పు నా మీదకే తోసేవాళ్లు.

వసుధ బతిమాలి మెయిల్ పెడితే బెంగళూరు ఆయన మర్నాడు పన్నెండింటికి ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. మళ్లీ లేచిపోతే ఇక లేదని కూడా రాశాడట.

మర్నాడు సెంటర్ తెరిచేసరికి వసుధ మెట్ల మీద ఉంది. యాదగిరికి ఫోను చేశాను. పంజాగుట్టలో ఒక ఆఫీసు కొత్త గదుల్లోకి మారుతోందట, రెండింటిదాకా కదలలేనన్నాడు.

"కదలకపోతే మానెయ్. అక్కడే ఓ కంప్యూటరు ముందు కూర్చుని ఈ అమ్మాయితో మెసెంజర్‌లో మాట్లాడు" అన్నాను.

"ఏం మాట్లాడాలె అమ్మా?"

"ఆ అమ్మాయి ఏం చెప్తే అది."

ఇక అక్కణ్నుంచి వసుధ చేసిన పని చెప్పాలి. ముందుగా కాగితం మీద గీతలు కొట్టి గడులు చేసింది. ఒక నిమిషం ఇటు మాట లేకుండా ఉండి, తర్వాత అటునుంచి యాదగిరి ఒక అక్షరం పంపాలి. వచ్చింది. ఆ గడిలో టిక్కు. అయిదు నిమిషాలు ఆగి పంపాలి. పంపానని యాదగిరి ఫోనులో అరుస్తున్నాడు, ఇక్కడ ఏమీ రాలేదు. మెసెంజర్ మాత్రం తను బాగానే ఉన్నట్టు బొమ్మ వెలిగించుకుని కూర్చుంది. ఆమె మెసెంజర్‌లోంచి బయటికొచ్చి, మళ్లీ లోపలికెళ్లి, మూడు నిమిషాలతో చేసింది. రాలేదు. ఒకటిన్నరతో వచ్చింది. రెండు దాటితే రాలేదు. ఏ గడికీ ఒక్కసారితో సరిపెట్టలేదు. ప్రతిదీ రెండుసార్లు చేయించింది. కంప్యూటరు మార్చి కూడా చేసింది.

"ఈ పిల్ల నా పానం తీస్తుందమ్మా, మస్తు హుషారున్నది" అన్నాడు యాదగిరి.

వసుధ పుస్తకం నా ముందుకు జరిపింది. "రెండు నిమిషాలు ఊకుంటే దారి మూసుకుంటుంది. మిగతావాళ్లు ఆగకుండ టైపు చేస్తరు, అందుకే వాళ్లకు తెల్వలే. నేను జవాబు ముందు కాగితం మీద రాసుకుంటా. రెండే ఎందుకు?"

రెండే ఎందుకో నాకు తెలుసు. రెండు నెలల కిందట పెట్టె ఊపిరి తిప్పుకోవడానికి యాదగిరితో నేనే చెప్పాను, మాట నడవని దారిని రెండు నిమిషాలకు మూసేయమని. దాన్ని టైమౌట్ అంటారు. అతను ఇరవైకి తగ్గిస్తే చాలన్నాడు. నేనే వినలేదు. ఎవరూ మాట్లాడకపోతే దారి ఖాళీగా ఉన్నట్టే కదా అనుకున్నాను.

ఫోను తీసుకుని, "యాదగిరీ, ఆ రెండు నిమిషాల సంగతి" అన్నాను.

"అరె, అదే అమ్మా. కొత్త పెట్టె కొననంటివి, పాతదాని గొంతు పిసకమంటివి."

"దెప్పింది చాలు. ఇప్పుడు మార్చొచ్చా?"

"మారిస్తే పెట్టె రీస్టార్ట్ కావాలె. పోయినసారి చేస్తే పొద్దుగూకేదాక లేవలే, యాదికున్నదా? నేనొచ్చేదాక ముట్టకు."

గడియారం పదకొండు దాటింది. నేను పెన్ను తీసుకుని రాశాను. "ఆ రెండు నిమిషాలు నేనే పెట్టించాను. నిన్న పోయింది నా వల్లే. వేరే సెంటర్‌కి వెళ్తావా? నేనే వచ్చి వాళ్లతో మాట్లాడి సీటు ఇప్పిస్తాను."

చేసిన తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేని పని. ఆమె చదివింది. ముఖంలో కోపం కోసం చూశాను, కనపడలేదు. అప్పటికే తర్వాతి సంగతి ఆలోచిస్తోంది.

"అక్కడ ఏం తప్పున్నదో నాకు తెల్వదు. ఇక్కడిది తెలుసు. నిమిషానికొక చుక్క పంపిస్తే దారి మూసుకోదు. కాని ఆలోచిస్తుంటే టైము మరిచిపోత. మీరు గడియారం చూసి నా భుజం తట్టుతరా?"

పన్నెండింటికి ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. బల్ల దగ్గర కస్టమర్లు పిలిస్తే, "ఆగండి, చేతిలో పనుంది" అన్నాను. సెకన్ల ముల్లు పన్నెండు మీదికి వచ్చినప్పుడల్లా ఆమె భుజం తట్టేదాన్ని. ఆమె తల తిప్పకుండా ఒక చుక్క కొట్టి పంపేది. మళ్లీ కాగితం మీదికి వంగేది.

ఆరో ఏడో చుక్క తర్వాత అటునుంచి ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. ఆమె చేతులు ఆగిపోయాయి. పుస్తకంలో గబగబా రాసి చూపింది. "ఈ చుక్కలేందని అడుగుతున్నడు."

"ఉన్నది ఉన్నట్టు చెప్పు. నా పేరు పెట్టినా సరే" అని రాశాను.

ఆమె టైపు చేసింది. అటునుంచి చాలాసేపు ఏమీ లేదు. రెండుసార్లు భుజం తట్టాను, రెండు చుక్కలు వెళ్లాయి. చుక్కల మాట విని ఆయన కిటికీ మూసేశాడేమో అనిపించింది. అప్పుడొచ్చింది జవాబు. తను అడగాలనుకున్న ప్రశ్నలు పక్కన పెడుతున్నాడట. ఈ తప్పును ఎలా పట్టుకున్నావో మొదటి నుంచి రాయమన్నాడు.

వసుధ గడుల కాగితం పక్కన పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. ఇంచుమించు అరగంట. ఏం అనుకుంది, ఎలా పరీక్షించింది, ఏది తప్పని తేలింది, అన్నీ. దారి మూయించింది ఎవరని ఆయన అడగలేదు. తర్వాత నేను అడిగితే వసుధ పుస్తకంలో రాసి చెప్పింది, తను మాత్రం 'సెట్టింగ్ రెండు నిమిషాలకు ఉంది' అని ఊరుకుందట. నా పేరు అందులో ఎక్కడా లేదు.

చివరికి వచ్చిన వాక్యానికి ఆమె పుస్తకంలో తెలుగు రాసి చూపింది. "ఇక చుక్కలు ఆపొచ్చు అన్నడు. అయిపోయింది."

మూడింటికి యాదగిరి వచ్చి టైమౌట్ పెంచాడు. పెద్ద పెట్టె ఆ వారంలోనే కొన్నాను. ఉద్యోగం వచ్చిన ఉత్తరాన్ని వసుధ మా ప్రింటర్ మీదే తీసుకుంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ సెంటర్ నడిపాను. పది మందికి నడుస్తోంది కాబట్టి పదకొండో మనిషి చెప్పేది అబద్ధం అనుకోవడం మానేశాను. ఎవరైనా వచ్చి ఆగిపోయిందంటే, ఏం నొక్కావని అడగలేదు. ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి, ఆగడానికి ముందు ఏం జరిగిందో వరసగా రాయమనేదాన్ని. వాళ్లు రాస్తుండగా, ఈ మధ్య పెట్టెలో నేనేం మార్పించానో నేనూ ఒక పక్కన రాసుకునేదాన్ని. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, జవాబు నా కాగితంలో దొరికిన రోజులు తక్కువేమీ కాదు.