మూడో పీరు

నా తర్వాత మా ఇంట్లో ఎవరైనా మా జేజినాయన, అంటే మా నాయన తండ్రి, పల్టన్‌లో సిపాయిగా చేరాడా లేదా అని వెతకబోతే, కాగితాల మీదున్న ఖాసీం అనే పేరును పట్టుకుని నాలాగా ఏళ్ళు పోగొట్టుకోకూడదని ఇది రాసి పెడుతున్నాను. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. నాకున్న చదువంతా మొదట కడపలో, తర్వాత షార్జాలో, గ్రంథాలయాల బల్లల దగ్గర నిఘంటువు పక్కన పెట్టుకుని సంపాదించుకున్నదే. తెలిసినదాన్ని తెలిసినట్టు, తెలియనిదాన్ని తెలియనట్టు రాయడం అక్కడే నేర్చుకున్నాను.

షార్జా అల్ నహ్దాలో మేముండే బిల్డింగులో శుక్రవారం పొద్దున లిఫ్టు తలుపు తెరుచుకోగానే కింది అంతస్తు అరబ్బుల ఇంట్లోంచి బఖూర్ పొగ గుప్పుమంటుంది. అది ఖరీదైన పొగ, మెత్తగా ఉంటుంది, మా ఊరి పీర్ల చావిట్లో ముజావరు నిప్పుల మీద చల్లే ఊదులా కళ్ళు మండించదు. అయినా ఆ నాలుగు అంతస్తులు దిగేలోపు నాకు ఎనిమిదేళ్ళు వచ్చేస్తాయి. చావిడి ముందు గుండం తవ్వుతుంటారు, తప్పెట్లను మంటకు చూపి బిగువెక్కిస్తుంటారు, రెడ్ల ఇళ్ళ నుంచి, కుమ్మరోళ్ళ ఇళ్ళ నుంచి బొరుగులూ చక్కెరా చదివింపుకు వస్తుంటాయి, ఇంట్లో మా జేజి గోధుమ రొట్టెలు చిదిమి, బెల్లమూ సోంపూ కలిపి మలీద ముద్దలు చేస్తూ, చేతికంటిన బెల్లాన్ని నా నాలుకకు రాస్తుంటుంది. ఆ పీర్ల పండగ ఒక ఏడాది చెనిక్కాయలు పీకే కాలంలో వచ్చేది, ఇంకొన్నేళ్ళకు ఎండల్లో వచ్చేది. కాలాల వెంట తిరిగే పండగ మాదొక్కటేనని నాకు గర్వంగా ఉండేది.

జేజి పేరు ఫక్కీరమ్మ. దూది ఏకి పరుపులు కుట్టేది. వసారాలో దూలానికి వేలాడదీసిన పెద్ద వింటిని గూటంతో కొడుతుంటే దుంయ్ దుంయ్‌మని వీధి చివరిదాకా వినపడేది. సాయంత్రానికి ఆమె కనుబొమల మీద, రెప్పల మీద దూది నుసి పేరుకుని నలభై ఐదేళ్ళ మనిషి డెబ్బై ఏళ్ళ ముసలమ్మలా కనిపించేది. ఆ వింటిని తెచ్చినవాడు మా జేజినాయన. ఎక్కడి నుంచో దూది ఏకుకుంటూ ఒంటరిగా మా ఊరొచ్చి, ఇక్కడే గుడిసె వేసుకుని, పక్క తాలూకా నుంచి జేజిని పెళ్ళి చేసుకున్నాడు. ఊళ్ళో అందరికీ ఆయన దూదేకులాయప్పే. పేరుతో ఎవరికీ పని పడలేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, మా నాయన చంకలో ఉండగా, ఇల్లు విడిచిపోయాడు. మరుసటేడు ఒక్కసారి కాకీ చొక్కాతో వచ్చి, జేబు నిండా ఖర్జూరాలు తెచ్చి, ఇవి ఇరాక్ దేశంలోని బస్రావని చెప్పి, నాలుగు రోజులుండి మళ్ళీ పోయాడు. అంతే. జాబు లేదు, తంతి లేదు, మనిషీ లేడు.

"పల్టన్ లేదు, గిల్టన్ లేదు. కాకీ చొక్కా లారీ క్లీనర్లు గూడా ఏసుకుంటారు. ఖర్జూరాలు బళ్ళారి సంతలో దొరకవా? ఆడనే ఇంగో సంసారం పెట్టింటాడులే," అనేవాడు బొంగరాల ఆటలో నాతో ఓడిపోయినప్పుడల్లా మంగలి సుంకన్న కొడుకు. వాడి నాయన రచ్చబండ మీద అన్న మాటలే అవి. నేను ఏడుస్తూ ఇంటికొస్తే జేజి విల్లు ఆపేది కాదు.

"అననీరా. వాళ్ళకేం తెల్సు? నువ్వు సదువుకుంటాండావు గదా, పెద్దయినంక కనుక్కో. ఉంటే ఉండాడని సెప్పు, పోయింటే పోయినాడని సెప్పు. పోయినాడంటే ఆయన పేరున ఫాతెహా సదివించాల. నేను ముందు పోతే నువ్వు సదివించాల."

"ఆయప్ప పేరేంది జేజీ?"

"మొగుని పేరు నోట రాగూడదురా, ఆయుస్సు తగ్గుతాది. పీర్లల్లో మూడో పీరు పేరే."

నేను చావిడికి పరిగెత్తాను. ఎరుపూ పచ్చా దట్టీలు చుట్టుకుని, వెండి చేతుల్లా వరసగా నిలబడ్డ పీర్లను ఎడమ నుంచి లెక్కపెట్టాను. మూడోది ఖాసీం. నాకంటే ముందు, మా నాయనను బళ్ళో చేర్చిన రోజున, అయ్యవారూ జేజి నోట ఇదే మాట విని, ఇలాగే లెక్కపెట్టుకుని, తండ్రి పేరు గడిలో ఖాసీం అని రాశాడు. అక్కడి నుంచి ఆ పేరు రేషను కార్డుకెక్కింది, ఇంటిపేరై నా పాస్‌పోర్టుకెక్కింది, నాతో పాటు విమానమెక్కి దుబాయ్ వచ్చింది. జేజికి అక్షరాలు రావు. పెద్దాయన పేరు ఆమె ముందు పలకడం తప్పు కాబట్టి మేమూ ఏనాడూ పైకి అనలేదు.

ఆమె నల్లపూసలతోనే పోయింది. వాటి మధ్యలో ఒక ఖర్జూరపు గింజ గుచ్చి ఉండేది.

నేనిక్కడ, అరబ్బులు అతిథులను కూర్చోబెట్టే మజ్లిస్ గదులకు దిండ్లు కుట్టే దుకాణంలో పనిచేస్తాను. దూది పోయి స్పాంజి వచ్చింది, అంతే తేడా. బాల్కనీ దిండ్ల కోసం వచ్చిన హెన్రిక్ అనే నార్వే ఆయన, అమెరికాకు వలసపోయిన తన ముత్తాత అక్కడి సైన్యంలో సిపాయిగా ఉన్నాడా అని వెతుకుతున్నానని చెప్పాడు. వాళ్ళకూ ఆ కాలంలో నిలకడైన ఇంటిపేరు ఉండేది కాదట, తండ్రి పేరో, సాగు చేసే పొలం పేరో తగిలించుకునేవాళ్ళట. కానీ చర్చి పుస్తకంలో పుట్టిన రోజు ఉంది, ఓడ చీటీ ఉంది. చివరికి ముత్తాత దొరికాడు. ఎలా వెతకాలో నాకూ చూపించాడు.

కరోనా వచ్చి దుకాణం మూసిన నెలల్లో, బస్రా వైపు యుద్ధంలో చనిపోయినవాళ్ళ పట్టికలు ఫోనులో ఒక్కొక్క పేజీ చదివాను. ఎందరో ఖాసీంలు. కొందరికి తండ్రి పేరుంది, కొందరికి ఊరుంది, కొందరికి ఉత్త నంబరే. మా గదిలో నా పై మంచం మీది జగిత్యాల రాజన్న వంగి చూసేవాడు.

"ఏం దేవులాడుతున్నవే అన్నా? పోయినోళ్ళు ఫోన్ల దొరుకుతరా? ఇగ ఖలాస్ చెయ్యి, బువ్వ సల్లారుతాంది."

మరుసటేడు పీర్ల పండగకు, జేజి పుట్టింటి ఊరి నుంచి ఆమె అన్న కూతురు హుసేనమ్మత్త వీడియో కాల్ చేసి చావిడి చూపించింది. మాట వరసకు పేర్లు అడిగాను. "మొదుట హసనయ్య, రెండోది హుసేనయ్య, మూడోది మౌలాలి," అంటూ పోయింది. నా చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. జేజి తండ్రి ఆ చావిడి ముజావరు, ఆమె ఆ పీర్ల మధ్యే పెరిగింది. మా ఊళ్ళో కోడలు కాబట్టి అక్కడి చావిడి గడప ఏనాడూ దాటలేదు. ఆమెకు తెలిసిన వరస ఒక్కటే, పుట్టింటి ఊరిది.

"అయితే మా జేజినాయన పేరు మౌలాలినా అత్తా?"

"ఏమోరా నాయనా. మీ జేజి కాలంలో ఏడు పీర్లు. నా సిన్నప్పుడు దొంగలు రెండు ఎత్తకపోయినారు. ఏవి పోయినాయో, అవి యాడ నిలబడేటివో, తెల్సినోళ్ళు పోయినారు."

పెళ్ళి రాసిన ఖాజీ పుస్తకం చెదలు తినేసిందని అత్తే కనుక్కుని చెప్పింది. మౌలాలి పేరుతోనూ పట్టికలు చదివాను, దొరకలేదు. ఏ పేరుతో దొరికితే ఆయనే అనుకోవాలో కూడా ఇప్పుడు నాకు తెలియదు. ఖోర్ ఫక్కాన్ రేవుకు పని మీద పోయినప్పుడు సముద్రపు ఒడ్డున కాసేపు నిలబడ్డాను. బస్రా ఓడలు ఈ నీళ్ళ మీదుగానే పోయాయని పుస్తకాల్లో చదివాను. వాటిలో ఆయన ఉన్నాడని చెప్పే పుస్తకం మాత్రం లేదు. జేజి బతికుండగా ఒక్కసారి తప్పు చేసి, ఆమె ముందు ఖాసీం అని గట్టిగా అని ఉంటే, కాదురా అని ఉండేది.

ఇప్పుడు మా ఊళ్ళో దూది ఏకే విల్లు లేదు, ఆ గూటం పట్టే చెయ్యి లేదు. చావిడికి ఇనుప గేటు పెట్టారు, గుండాన్ని సిమెంటుతో పూడ్చారు. ఫాతెహా ఇంకా చదివించలేదు. చనిపోయాడని తెలియనివాడికి చదివించడానికి నాకు నోరు రావడం లేదు.

దారి చూపించిన హెన్రిక్‌కు, పట్టికల్లోని ఇంగ్లీషు పొట్టి మాటలు విప్పి చెప్పిన షార్జా గ్రంథాలయంలోని మరియమ్ గారికి, ఫోను పట్టుకుని చావిడంతా తిప్పి చూపించిన హుసేనమ్మత్తకు, నా అన్నం మీద మూత పెట్టి ఉంచిన రాజన్నకు, మా జేజి ఫక్కీరమ్మకు నా కృతజ్ఞతలు. ఇంకొకాయనకు కూడా చెప్పుకోవాలి. ఆయన పేరుండాల్సిన చోట, నా పాస్‌పోర్టులో, ఖాసీం అని ఉంది.