బాతులు మేసినన్నాళ్ళు

మా బడికి అన్నీ వచ్చాయి, పిల్లలు తప్ప. కొత్త బెంచీలు, నున్నటి టైల్స్, గదికి నాలుగు ఫ్యాన్లు, గోడంత ఆకుపచ్చ బోర్డు, మూడు మరుగుదొడ్లు వచ్చాయి. ఆ మరుగుదొడ్లకు రోజూ ఫోటో తీసి ఫోన్లో పైకి పంపాలి. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో మా ఆయనకు తీయనన్ని ఫోటోలు వాటికి ఒక్క ఏడాదిలో తీశాను. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా అందరినీ కలిపి నిలబెడితే పదిహేడు మంది. బెంచీకి ఒకరు చొప్పున కూర్చున్నా ఇంకా బెంచీలు మిగిలేవి.

టీచర్లం ఇద్దరం, హెడ్మాస్టరుగారూ నేనూ. ఆ ఏడు పైనుంచి ఒక కబురొచ్చింది. సార్వా వరి కోతలయ్యాక మండల విద్యాధికారి వచ్చి పిల్లల్ని లెక్కపెడతారు, ఇరవై మంది ఉంటేనే రెండో టీచరు పోస్టు ఉంటుంది. రెండో టీచరును నేనే. పోస్టు పోతే నన్ను ఏ మూలకు విసిరేస్తారో తెలియదు. ఇక్కడ మాస్టారొక్కరే ఐదు తరగతులకూ పాఠం చెబుతూ మరుగుదొడ్ల ఫోటోలు తీసుకోవాలి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. నేను లేకపోతే ఆ బడి ఏడాది కూడా నిలవదని నా గట్టి నమ్మకం.

అంతకుముందు వేసవిలోనే కరపత్రాలు పట్టుకుని ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం. మాస్టారు చర్చి పెద్ద. ఎవరి గుమ్మంలో నిలబడినా ప్రార్థన మొదలుపెట్టినట్టు మెల్లగా అందుకునేవారు. ఆయన మాట పూర్తయ్యేలోపు ఆ ఇంటివాళ్ళు మాకు మజ్జిగ ఇచ్చి, ప్రైవేటు బడికి ఫీజు కట్టేశామని చెప్పి, గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేవారు. ఆ వేసవిలో మాకు పిల్లలు దొరకలేదు గానీ వడదెబ్బ మాత్రం తగల్లేదు.

డిసెంబరులో బడి వెనక చేలు కోసేశారు. ఒక ఉదయం ప్రేయరు జరుగుతుండగా ఆ చేలలోంచి గోల వినిపించింది. కిటికీలోంచి చూస్తే చేను నిండా బాతులు. కొల్లేరు వైపు నుంచి బాతులవాళ్ళు ఏటా వస్తారు, రాలిన గింజలు మేపుకుంటూ ఊరూరూ తిరుగుతారు. గట్టు మీద గుడారం వేసి ఉంది. దాని ముందు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు, మధ్యలో ఆడపిల్ల, ఒక చిన్నవాడు. ముగ్గురే. పదిహేడూ మూడూ ఇరవై. ప్రేయరు పూర్తికాకముందే నేను చెప్పులేసుకున్నాను. మాస్టారు కళ్ళు మూసుకునే నా వెనక వచ్చారు.

పిల్లల తండ్రి పొడుగాటి కర్ర పట్టుకుని బాతుల మధ్య నిలబడి ఉన్నాడు. చదువు గొప్పతనం గురించి నేను చాలా చెప్పాను. చివరికి, మా బళ్ళో మధ్యాహ్నం భోజనంలో గుడ్డు కూడా పెడతామని ఆశ పెట్టాను. అన్నాక చూశాను, గుడారం పక్కన అట్టల మీద అట్టలుగా బాతుగుడ్లు. నా వెనక మాస్టారు చిన్నగా దగ్గారు. ఆ మనిషి మర్యాదస్తుడు, నవ్వలేదు.

"ఆయ్, పంపుతానండి. కాకపోతే గింజలున్నంతవరకేనండి. బాతులు కదిలితే మేమూ కదలాలండి," అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు మాకే ఒక డజను గుడ్లు ఇచ్చి పంపాడు.

పిల్లలు ముగ్గురూ మర్నాడే వచ్చారు. గింజలు మాత్రం వారానికే అయిపోవచ్చాయి. లెక్కకు ఇంకా ఎనిమిది రోజులుంది. ఇక నేను చేల వెంట పడ్డాను. టీచరు ట్రైనింగులో ఎవరూ చెప్పని సంగతులెన్నో ఆ వారంలో నేర్చుకున్నాను. చేత్తో కోసిన చేలో గింజ తక్కువ రాలుతుంది, మిషనుతో కోసిన చేలో ఎక్కువ. మినుములు చల్లిన చేలోకి బాతుల్ని రానివ్వరు. మా చుట్టూ అందరూ వరి కోయకముందే మినుములు చల్లేశారు. స్టాఫ్‌రూములో మేమిద్దరం సిలబస్ మాట్లాడుకోవడం మానేసి, ఎవరి చేను ఎప్పుడు కోశారు, ఏ మిషనుతో కోశారు అన్నదే మాట్లాడుకునేవాళ్ళం. మాస్టారు గోడ మీది జిల్లా మ్యాపులో పెన్సిలుతో చేలు గుర్తుపెట్టడం మొదలుపెట్టారు. ఆ మ్యాపులో మా ఊరే లేదు, అయినా పెట్టారు.

చివరికి దాళ్వాకని, రెండో పంట వరి కోసం, ఖాళీగా వదిలేసిన చేను ఒకటి దొరికింది. దాని రైతు ఊళ్ళో మోతుబరి. మనవణ్ణి రోజూ మా బడి ముందునుంచే ప్రైవేటు వ్యాను ఎక్కిస్తాడు. బాతులు తొక్కితే గట్లు పాడవుతాయని ఆయన నసిగాడు. నాకు ఒళ్ళు మండింది.

"మనవణ్ణి ఎలాగూ పంపరు. చేనైనా ఇవ్వండి," అన్నాను.

మాస్టారు ఆ మాటకు నా తరఫున ఆయనకు క్షమాపణ చెప్పారు. నా మాట పనిచేసిందో ఆయన క్షమాపణ పనిచేసిందో తెలియదు గానీ రైతు సరిగ్గా శనివారం దాకా, లెక్క రోజుదాకా, చేను ఇచ్చాడు.

ఆ ముగ్గుర్నీ గది వెనక వైపు తలుపు పక్కన బెంచీలో కూర్చోబెట్టాను. అధికారి గుమ్మంలో అడుగు పెట్టగానే గది నిండుగా కనిపించాలని నా ఎత్తు. రోజూ వాళ్ళు రాగానే ముగ్గుర్నీ లెక్కపెట్టుకునేదాన్ని. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంకోసారి లెక్కపెట్టుకునేదాన్ని.

శనివారం అధికారి వచ్చారు. ఇరవై తలకాయలూ ఉన్నాయి. ఆయన రెండుసార్లు లెక్కపెట్టి సంతోషించి, బోర్డు మీద రాసినదాన్ని చదవమని బాతులవాళ్ళ ఆడపిల్లనే లేపారు. ఆ పిల్ల బోర్డు వైపు చూసింది, నా వైపు చూసింది, నవ్వి ఊరుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. పదిహేను రోజులుగా చెబుతున్న పాఠమే అది. కొత్త పిల్లండీ అని సర్దిచెప్పి, అధికారి చూడకుండా ఆ పిల్లను ఉరిమి చూశాను. ఆయన ఏదో రాసుకున్నారు.

వెళ్ళబోతూ ఒక మెలిక పెట్టారు. ఈ ముగ్గురి పేర్లూ ఆన్‌లైన్లో ఇంకా వాళ్ళ సొంత ఊరి బడిలోనే ఉన్నాయట. ఆ బడివాళ్ళు సాయంత్రంలోగా వదిలితేనే మా లెక్కలోకి వస్తారట. మాస్టారు ఫోన్ నాకిచ్చి పక్కకు జరిగారు. ఎవరైనా పిల్లల్ని ఊరికే వదులుకుంటారా? నేను పోట్లాటకు సిద్ధమై, ఏమనాలో రెండుసార్లు అనుకుని, నంబరు కొట్టాను.

అటువైపు ఎత్తినాయన ఆ బడికి ఒకే ఒక్క టీచరు. నేను చెప్పినదంతా విన్నాడు.

"తీసుకోండి మేడం. మా దగ్గర పద్నాలుగు మందండి. పది కంటే తగ్గితే బడి తీసేస్తామంటున్నారు. వీళ్ళు పోయినా పదకొండు. ఇంకా ఒకరు మిగులుతారు లెండి," అన్నాడు.

నేను తయారుచేసుకున్న పోట్లాటంతా వృథా అయింది. థాంక్సండీ అన్నాను. పెట్టేస్తాడేమో అనుకుంటే ఆగాడు.

"ముగ్గురిలో ఆ ఆడపిల్లకు దూరం కనపడదండి. బోర్డు అసలు కనపడదు. అడిగితే చెప్పదు, నవ్వుతుంది. కళ్ళజోడు రాయించేలోపు బాతులతో వెళ్ళిపోయారు. ముందు కూర్చోబెట్టారు కదండీ?"

"కూర్చోబెట్టానండి," అన్నాను.

అంత సులువుగా అబద్ధం చెప్పగలనని నాకే తెలియదు. ఫోన్ పెట్టేశాక, ఆయన ఏమన్నారని మాస్టారు అడిగితే, ఒప్పుకున్నారని మాత్రం చెప్పాను. గంటలో పేర్లు వచ్చేశాయి. పోస్టు నిలబడింది. ఆ సాయంత్రం నేనే అందరికీ మిఠాయి తెప్పించాను. ఆదివారం మాస్టారు చర్చిలో దేవుడికి వందనాలు చెప్పారు, నిజాయితీపరుడు కాబట్టి బాతుల పేరు కూడా చెప్పారట. నేనేమో సోమవారం ఆ పిల్లను ముందు బెంచీకి మార్చాలని గట్టిగా అనుకుని, ఇంట్లో కాలు మీద కాలేసుకుని పడుకున్నాను.

సోమవారం తలుపు పక్క బెంచీ ఖాళీగా ఉంది. వెనక్కెళ్ళి చూస్తే గట్టు మీద గుడారం లేదు. రైతు ఇచ్చిన గడువు శనివారంతో అయిపోయింది. ఆ తర్వాతికి ఇంకో చేను అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. లెక్క అయిపోయింది కదా మరి.

పదిహేడు మందినీ మాస్టారికి అప్పగించి స్కూటరు తీశాను. కాలవ గట్టు వెంట రెండూళ్ళు దాటాక బాతులు కనిపించాయి. ఆ పిల్ల నన్ను చూసి, ఎవరో తెలియక కళ్ళు చికిలించింది. స్కూటరు బాగా దగ్గరికి తీసుకెళ్ళాక అప్పుడు నవ్వింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ఎందుకెళ్ళిపోయారని తండ్రిని కేకలేశాను.

"గింజ లేదు కదండి. మీరింకో చేను చూస్తారేమోనని నిన్న పొద్దుగూకేదాకా చూశామండి," అన్నాడు.

రేపటి దాకా కదలొద్దని ఆయనతో చెప్పి, అటునుంచటే మోతుబరి ఇంటికి వెళ్ళాను. వీధరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. రోడ్డవతల ఆయనకు ఇంకో చేను ఉందని మా మ్యాపులో ఉంది. మొన్ననే మిషనుతో కోసింది, మినుములు చల్లనిది. అది కావాలని అడిగాను. ఆయన పేపరు దించాడు.

"లెక్కయిపోయిందంట కదండీ టీచరుగారూ. మీ పోస్టూ నిలబడిందంట. మళ్ళీ ఈ బాతులెందుకండి?"

నేను నిజం చెప్పాను.

"ఒక పిల్లను ముందు బెంచీలో కూర్చోబెట్టాలండి."