అలంకారమని గుర్తు పెట్టిన ఫోటో

అమ్మమ్మ పోయాక తాతయ్య నోట్లోంచి ఒక మాట రావడమే గగనమైపోయింది. అలాంటి మనిషిని పిలిచి మరీ కంపెనీ వాళ్లు మాటలు రాసే పని ఇచ్చారు. ఇంట్లో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అది పరుపుల కంపెనీ. పరుపు అంచుల్ని వేలితో తడిమి, ఎక్కడ కుట్టు వదులైందో పట్టుకుని, దాన్ని వెనక్కి పంపెయ్యడం అక్కడ తాతయ్య ఉద్యోగం. ఆయన పేరు చెబితే కుట్టు హాల్లో వాళ్లు పళ్లు నూరేవారు. రిటైరయ్యాక, అమ్మమ్మ కూడా వెళ్లిపోయాక, కిటికీ పక్కన కుర్చీ వేయించుకుని కిటికీలోంచి కాకుండా ఎదురుగా ఉన్న గోడని చూస్తూ కూర్చునేవాడు. ఏడవలేదు. ఒకసారి ఏడిస్తే బాగుండునని కూతురు ఎదురుచూసింది. విసుక్కోనూ లేదు. ఏం పెడితే అది తినేవాడు. ఒకరోజు ఆవిడ కావాలనే కూరలో ఉప్పు వెయ్యకుండా వడ్డించి, తలుపు చాటు నుంచి చూసింది. చివరి ముద్ద దాకా తిని, చెయ్యి కడుక్కుని, మళ్లీ గోడ దగ్గరికి వెళ్లిపోయాడు.

"ఈయనకి నాలుక ఉందో, అదీ కంపెనీకే అప్పగించి వచ్చాడో" అని ఆవిడ మొగుడి దగ్గర గొణుక్కుంది.

కంపెనీకి వచ్చిన చిక్కు ఇది. చూపు లేనివాళ్లు ఫోనులో, కంప్యూటర్లో ఒక సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటారు. తెర మీద ఉన్నదంతా అది పైకి చదివి వినిపిస్తుంది. బొమ్మల్ని మాత్రం చదవలేదు. బొమ్మ వెనకాల ఎవరైనా నాలుగు మాటలు రాసిపెడితే వాటిని చదువుతుంది. ఈ కంపెనీ వెబ్‌సైట్లో ఉన్నవన్నీ బొమ్మలే, వెనకాల ఒక్క ముక్క లేదు. పరుపు కొందామని వచ్చిన చూపులేని మనిషికి "బొమ్మ, బొమ్మ, బొమ్మ" అని వినిపించేది. ఫిర్యాదులు పెరిగాక, పరుపుల సంగతి తెలిసిన మనిషి చేత రాయిద్దామని మేనేజరు తాతయ్యకి కబురు పెట్టాడు. తాతయ్య వద్దనలేదు. వద్దనడానికి కూడా కాస్త ఓపిక కావాలి కదా.

పక్క బల్ల దగ్గర ఒక అమ్మాయిని కూర్చోబెట్టారు. ఆమెకి పుట్టుకతోనే చూపు లేదు. తాతయ్య రాసింది విని సరిగ్గా ఉందో లేదో చెప్పడం ఆమె పని. ఆ సాఫ్ట్‌వేర్‌ని ఎంత వేగంగా చదివించుకునేదంటే, పక్కవాళ్లకి కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు వినిపించేది.

మొదటిరోజు తాతయ్య అన్ని ఫోటోల వెనకా "తెల్ల పరుపు" అని రాసి చేతులు దులుపుకున్నాడు.

"బాబాయ్ గారూ, మీ పరుపులన్నీ ఒక్క తల్లి పిల్లలా? ఏది ఎవరో నేనెలా పోల్చుకోను?" అంది ఆ అమ్మాయి.

మర్నాడు అంచు పట్టీ, దారం రంగు, బొత్తాల మధ్య దూరం ఏదీ వదలకుండా పెద్ద పురాణమే రాశాడు. ఆమె ఓపిగ్గా అంతా విని, ఇది పూర్తయ్యేలోపు జనం నేల మీదే నిద్రపోతారనీ, ఇక పరుపు కొనే అవసరం ఉండదనీ చెప్పింది. తాతయ్య నవ్వలేదు. సగం కొట్టేశాడు. ఆ తరవాత ఎంత రాయాలో చేతికి అందింది.

ఆ పనిలో ఆయనకి నచ్చిన పద్ధతి ఒకటుంది. మబ్బు ముక్క, ఆకు తీగ, నిద్రపోతున్న పిల్లి లాంటివి పేజీ అందం కోసం పెట్టినవి. అవి లేకపోయినా ఎవరికీ ఏ లోటూ ఉండదు. అలాంటి వాటికి ఏమీ రాయక్కర్లేదు, "అలంకారం" అన్న గడిలో గుర్తు పెడితే చాలు. సాఫ్ట్‌వేర్ వాటి మీద ఆగకుండా చడీచప్పుడు లేకుండా దాటిపోతుంది. నిజానికి ఈ పద్ధతి తాతయ్యకి కొత్త కాదు. ఇంట్లో అమ్మమ్మ దువ్వెననీ, రెండో దిండునీ ఆయన చూపు ఎప్పటినుంచో అలాగే దాటిపోతోంది.

అలా గుర్తులు పెట్టుకుంటూ "మా గురించి" అన్న పేజీకి వచ్చాడు. అక్కడ కుట్టు హాలు ఫోటో ఉంది. ముందు వరసలో, మిషను దగ్గర, నోరు తెరుచుకుని అమ్మమ్మ. ఆమె కూడా ఆ హాల్లోనే పరుపులు కుట్టేది. ఇంట్లో ఉన్న ఫోటోలన్నిట్లో ఆమె పెదవులు బిగించి కొయ్యబొమ్మలా ఉంటుంది. మాట్లాడుతుండగా దొరికింది ఇదొక్కటే. తాతయ్య కాసేపు చూశాడు. చీమ కుట్టినట్టు కూడా అనిపించలేదు. అలంకారమని గుర్తు పెట్టి తరవాతి ఫోటోకి వెళ్లిపోయాడు.

రెండురోజులయ్యాక ఆ అమ్మాయి పిలిచింది.

"బాబాయ్ గారూ, ఇక్కడేదో ఊడిపోయింది. 'మా కుట్టు విభాగం' అని చదువుతోంది, పైన ఫోటో ఏదీ?"

"ఉంది."

"మరి నాకు వినిపించదేం?"

"అలంకారం."

"అలంకారానికి కింద పేరు కూడా రాస్తారా? సర్లెండి, ఎలాగూ భోజనాలయ్యాక అలంకారాలన్నీ పీకేస్తున్నారుగా."

తాతయ్య చెయ్యి ఆగింది. పీకెయ్యడమేమిటని అడిగాడు. పేజీలు బరువెక్కి నెమ్మదిగా తెరుచుకుంటున్నాయట. అలంకారమని గుర్తున్న ప్రతిదీ తీసి పారెయ్యమని మేనేజరు చెప్పాడట. లేకపోయినా లోటు లేదని తాతయ్యే స్వయంగా గుర్తు పెట్టాడు కాబట్టి ఇక అడగాల్సిన పని లేదన్నాడట.

కావాలంటే ఆ ఫోటోని ఫోనులోకి దింపుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. ఆ సంగతి తాతయ్యకీ తెలుసు. కానీ ఆ పేజీలో ఆమె ఇంకా డ్యూటీలో ఉంది. తీసేస్తే పనిలోంచి తీసేసినట్టే. అదీ ఆయన చేతి మీదుగా.

ఆ పూట భోజనానికి లేవలేదు. గుర్తు తీసేసి, "కుట్టుమిషన్ల దగ్గర ఆడవాళ్లు" అని రాశాడు. ఫోటో నిలబడటానికి ఆ ముక్క చాలు. మళ్లీ చదువుకున్నాడు. అందులో ఆడవాళ్లున్నారు, మిషన్లున్నాయి, అమ్మమ్మ లేదు. కొట్టేశాడు. పరుపుల కుట్లు పట్టుకున్న వేళ్లు అక్షరాల మీద తచ్చాడాయి. అందరూ తిరిగొచ్చి కుర్చీలు జరుపుకునే వేళకి పూర్తయింది.

ఆ అమ్మాయి ఈసారి వేగం తగ్గించి, పైకి వినిపించేలా పెట్టింది. సాఫ్ట్‌వేర్ రైలు రాకపోకలు చెప్పే గొంతుతో చదివింది. "కుట్టు హాల్లో మిషన్ల వరస. అన్నిటికన్నా ముందు కూర్చున్నామె నోరు తెరిచి ఉంది. పరిచిన గుడ్డ మీంచి కాలు తియ్యమని ఫోటోగ్రాఫర్‌కి చెబుతోంది. ఎడమచేతి చిటికెన వేలికి పీలిక చుట్టి ఉంది."

"ఫోటోగ్రాఫర్ ఫోటోలో ఉన్నాడా?" అని అడిగింది.

"లేడు."

"మరి కనిపించనిది రాయకూడదు కదా. ఆమె కాలు తియ్యమందని ఎలా తెలుస్తుంది?"

"పక్కనే ఉన్నాను."

"ఎవరండీ ఈమె?"

"మా ఆవిడ."

"పిన్నిగారికి కోపం ఎక్కువా?"

"గుడ్డ తొక్కితేనే" అన్నాడు తాతయ్య.

చిటికెన వేలికి పీలిక ఎందుకని ఆ అమ్మాయి అడగలేదు. బాగుందని నొక్కి ముందుకి వెళ్లింది. సాఫ్ట్‌వేర్ అదే గొంతుతో, ఏమీ జరగనట్టు, "మమ్మల్ని సంప్రదించండి" అని చదివింది.

ఇంటికొచ్చి తాతయ్య కాళ్లు కడుక్కున్నాడు. ఎప్పటిలాగే గోడ దగ్గర కూర్చున్నాడు. ఎప్పటిలాగే పిలిస్తే వచ్చి తినడానికి కూర్చున్నాడు. కూతురు వడ్డించి వంటింట్లోకి తిరగబోతుంటే, కంచంలోకే చూస్తూ అన్నాడు.

"ఉప్పు తక్కువైంది."

ఇంకొకరు ఆ మాటంటే ఆవిడ కయ్యానికి దిగేదే. ఈసారి మాత్రం గిన్నెల్ని పక్కకి తోసుకుంటూ వెళ్లి ఉప్పు డబ్బా డబ్బానే తెచ్చి ఆయన ముందు పెట్టి, చెంగుతో మొహం తుడుచుకుంది. నిజం చెప్పాలంటే ఆరోజు ఉప్పు సరిగ్గానే పడింది.