అడుగున్నర లోతు

మా ఆఫీసు నుంచి ఒకరిని చలిదేశం పంపుతున్నారని తెలిసిన రోజు నేను పాస్‌పోర్టు బ్యాగులో పెట్టుకుని వెళ్లాను. తెమ్మని నన్నెవరూ అడగలేదు. పదకొండేళ్లుగా ఆ దేశపు పని చేస్తున్నది నేను, పిలిస్తే నన్నే పిలుస్తారని నా ధీమా. పన్నెండు గంటలప్పుడు మేనేజర్ తన గది తలుపు దగ్గర నిలబడి, నా పక్క సీటు అమ్మాయి పేరు చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అందరికన్నా కాస్త గట్టిగానే.

కడుపు మండిపోయింది. దీనికి ఇంకో మర్యాదైన మాట వెతికే ఓపిక నాకు లేదు.

మా ఆఫీసు పంజాగుట్టలో ఒక బట్టల షాపు మీద, మూడో అంతస్తులో ఉంటుంది. అక్కడ ఏం చేస్తానో చెబితే మా బంధువులు ఇప్పటికీ నవ్వుతారు. విపరీతమైన చలి ఉండే ఒక దేశంలో, ఇళ్లు వెచ్చగా ఉండేందుకు కట్టెల బాయిలర్లు బిగించే కంపెనీ ఒకటుంది. ఏ ఇంట్లో బాయిలర్ ఎక్కడ పెట్టాలి, పొగగొట్టం ఎటు లేపాలి, పైపులు ఏ దారిన పోవాలి అన్న డ్రాయింగులన్నీ మేం గీసి పంపుతాం. మే నెలలో కింద రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటుంటే, పైన మేం ఎవరి పడగ్గదికో ఎంత వేడి కావాలో లెక్క కడుతుంటాం.

ఆ బాయిలర్ మామూలు పొయ్యి కాదు. పై అరలో కట్టెలు పేర్చి, గాలి తక్కువ ఇచ్చి మగ్గబెడతారు. కట్టెలోంచి వచ్చే గ్యాసును చిన్న ఫ్యాను కింది అరలోకి లాగుతుంది, అసలు మంట అక్కడ మండుతుంది. పొగ కనబడీ కనబడనట్టు ఉంటుంది. ఆ వేడికి కాగిన నీళ్లు ఒక పెద్ద ట్యాంకులో నిలవుండి, పైపుల్లోంచి గది గదికీ తిరిగి వస్తాయి. నన్ను నిద్రలో లేపి అడిగినా ఇదంతా చెప్తాను. కానీ అలాంటి బాయిలర్‌ని ఒక్కసారి కూడా కళ్లతో చూడలేదు. మంచు అంటే కూడా నాకు ఫ్రిజ్‌లో కట్టే గడ్డే.

ఆ అమ్మాయిని ఆఫీసుకు తెచ్చింది కూడా నేనే. అదింకా మంట. ఒకప్పుడు సాయంత్రాలు మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్లో డ్రాయింగ్ నేర్పేవాణ్ని. యాభై మంది ఉక్కిరిబిక్కిరిగా కూర్చునే క్లాసులో మొదటి వరసలో ఉండేది తను. వాళ్లమ్మ ఎస్.ఆర్. నగర్‌లో హాస్టల్ పిల్లలకు టిఫిన్ డబ్బాలు కట్టేది, ఇప్పటికీ కడుతోంది. పిల్ల చురుకైందని నేనే మేనేజర్‌కి చెప్పి మూడేళ్ల కిందట ఉద్యోగం ఇప్పించాను. సార్ అంటే సార్ అని నా వెనకే తిరిగేది. అప్పుడు ఎంత బాగుండేదో!

తననే ఎందుకు పంపుతున్నారో కూడా నాకు తెలుసు. ఒకరోజు వీడియో కాల్‌లో ఆ దేశపు ఇంజినీరుతో మాట్లాడుతూ, "ఆ ఇంట్లో కట్టెలు వేసేది ఎవరు?" అని అడిగింది. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడ, ఒక్కతే ఉంటుంది అన్నాడాయన. వెంటనే ఈ అమ్మాయి బాయిలర్‌ని అటు తిప్పి, కట్టెల గూడు దాని తలుపు పక్కకే జరిపింది. కట్టె అందుకోవడానికి పెద్దావిడ నాలుగు అడుగులు కూడా నడవక్కర్లేదు. ఆయన మురిసిపోయి, ఆ ఇంటి బిగింపు దగ్గరుండి చూడ్డానికి ఈ అమ్మాయినే పంపమన్నాడు. పదకొండేళ్లలో ఆ ప్రశ్న నాకు తట్టలేదు. తట్టకపోవడం నా తప్పు కాదు, తట్టడం తన తప్పు అన్నట్టుగా ఉండేది నా వరస.

ఇక ఆఫీసులో పెళ్లి కళ వచ్చింది. ఒకరు స్వెటర్ ఎక్కడ కొనాలో చెప్తారు, ఒకరు ఊరగాయ విమానంలో ఎలా దాచాలో చెప్తారు. తను అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద కొన్న ఎర్ర ఉన్ని గ్లౌజులు వేసుకుని కీబోర్డు కొట్టి చూపిస్తే అందరూ పడీ పడీ నవ్వారు. నా దగ్గరకొచ్చి, "సార్, నేను ఆడ ఏమేం చూసి రావాలె? లిస్టు రాసియ్యుండ్రి" అంది.

"మంచు చూసి రా, చాలు" అన్నాను.

అందులోని ముల్లు తనకు తగల్లేదు. నిజంగానే నోట్‌బుక్‌లో రాసుకుంది.

ఇంట్లో మా ఆవిడ ఊరుకోలేదు. "గా పిల్లకు నేర్పింది నువ్వే కద? గామె పోతే నీకు సుత పేరే గదా. గంత ముఖం మాడ్చుకునుడు ఎందుకు?" అంది. నాకు పేరొద్దు, మంచు కావాలి అని అరిచాను. నలభై ఆరేళ్ల మనిషి అనవలసిన మాట కాదని అంటుండగానే తెలిసింది.

అప్పటి నుంచి తప్పు వెతకడం మొదలుపెట్టాను. ఆ పెద్దావిడ ఇంటి డ్రాయింగు తెరిచి గీత గీతా చూశాను. బాయిలర్ చుట్టూ ఖాళీ సరిపోయింది. పొగగొట్టం ఎత్తు, ట్యాంకు కొలత, తిరిగొచ్చే నీళ్లు మరీ చల్లగా బాయిలర్లోకి పోకుండా పెట్టిన వాల్వు అన్నీ సరిగ్గా ఉన్నాయి. మూడో రోజున దొరికింది. బాయిలర్ ఉన్న షెడ్డు నుంచి ఇంటి దాకా పైపు భూమిలోంచి వెళ్తుంది. దానికి తవ్వే కాలవ లోతు అడుగున్నర అని రాసి ఉంది. ఆ ఊరి ఇళ్ల నిబంధనల కాగితం తీసి చదివితే, చలికాలంలో అక్కడ నేల నాలుగడుగుల దాకా గడ్డకడుతుందని ఉంది. అంటే ఏ రోజైనా కరెంటు పోయి పంపు ఆగితే, అడుగున్నరలో ఉన్న పైపు గడ్డకట్టి పగులుతుంది. పెద్దావిడ చలిలో కూర్చుంటుంది.

మంచి మనిషైతే కుర్చీ పక్కకి తిప్పి ఆ అమ్మాయికి చెప్పేవాడు. రెండు నిమిషాల పని. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గురువారం కాల్ కోసం ఎదురుచూశాను.

గురువారం అందరం స్క్రీన్ ముందు కూర్చున్నాం. తను డ్రాయింగు అంతా చక్కగా వివరించింది. చివర్లో నేను గొంతు సవరించుకుని, "ఆ పైపు కాలవ లోతు ఎంతమ్మా?" అని అడిగాను. చూసి చెప్పింది. "అక్కడ నేల నాలుగడుగులు గడ్డకడుతుంది కదా, చూసుకోలేదా?" అన్నాను. నా గొంతులో ఎంత తేనె పోశానో నాకే వినిపించింది.

స్క్రీన్ మీద ఇంజినీరు నవ్వాడు. అది తమకు తెలుసనీ, మా దగ్గర్నుంచి వచ్చే డ్రాయింగుల్లో ఎప్పుడూ అడుగున్నరే ఉంటుందనీ, తమ పనివాళ్లు దాన్ని చూసి నవ్వుకుని నాలుగడుగులకు పైనే తవ్వుకుంటారనీ చెప్పాడు. మంచు ఎరగని వాళ్లు కదా అని ఇన్నాళ్లూ అనలేదట.

మేనేజర్ ముఖం ఎర్రబడింది. ఆయనది గుంటూరు వైపు, కోపం వచ్చినా గొంతు పెంచడు. "ఏంటమ్మా ఇది? ఈ కొలత ఎక్కడిది?" అన్నాడు.

తను ఒక్క క్షణం నా వైపు చూసింది. "పాత షీట్ నుంచి నేనే తీసుకున్న సార్. చెక్ చేసుకోలె. తప్పు నాదే" అంది.

పాత షీట్ అన్న మాట వినేదాకా ఆ అడుగున్నర నాదేనని నాకు గుర్తు రాలేదు. కాలవలు ఎలా తవ్వాలో చూపించే ఆ షీటు పదకొండేళ్ల కిందట గీసింది నేను. మేనేజర్ అప్పటికి ఈ ఆఫీసులో చేరనే లేదు. ఆ అడుగున్నర నాకు ఏ పుస్తకంలోంచీ రాలేదు. మా నాన్న అమీర్‌పేట గల్లీల్లో నల్లా కనెక్షన్లు ఇచ్చేవాడు. సెలవుల్లో నన్ను వెంట తీసుకెళ్లి గడ్డపార ఇచ్చి, "అడుగున్నర తవ్వు బిడ్డా, గంతే సాలు. మీదికెళ్లి బండి పోయినా పైపు పలగదు" అనేవాడు. మా గల్లీకి అది అక్షరాలా సరిపోయింది. భూమి గడ్డకట్టే చోటికి కూడా నేను అదే లోతు పంపాను, క్లాసులో యాభై మందికి అదే చెప్పాను. ఆ యాభై మందిలో ఈ అమ్మాయి మొదటి వరసలో ఉంది.

నోరు తెరవాల్సింది అప్పుడే. తెరవలేదు. కాల్ అయ్యాక మేనేజర్ నన్ను గదిలోకి పిలిచాడు. "పాస్‌పోర్టు ఉందా అండీ మీకు? సోమవారం వీసా కాగితాలు పంపాలి. ఆ అమ్మాయికి ఇంకొంచెం అనుభవం రానిద్దాం, ఈసారికి మీరే వెళ్లిరండి" అన్నాడు. ఉందండీ అన్నాను. బ్యాగులోనే ఉందండీ అని కూడా అన్నాను.

మర్నాడు పొద్దున ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర తను నా కోసమే నిలబడి ఉంది. ముఖం కాస్త వాచి ఉన్నా నవ్వుతూ సంచిలోంచి ఆ ఎర్ర గ్లౌజులు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇగో సార్, ఉంచుకోండ్రి. మగోళ్లకు సుత సరిపోతయ్. ఆడ మస్తు చలి ఉంటదంట."

టీ గ్లాసు కొట్టు బల్ల మీద పెట్టేశాను. "ఆ షీటు ఎవరు గీశారో తెలుసా నీకు?" అని అడిగాను.

"తెలుసు సార్. మూలకు మీ సంతకం ఉంటది కద."

"మరి నిన్న ఎందుకు చెప్పలేదు?"

"మీరు గీసిందని మీకు యాది లేక అడిగిన్రు అనుకున్న. అందరి ముందట మీ పేరు చెప్తే మీకెట్లుంటది సార్? నాదేముంది, చిన్నదాన్ని, నాలుగు మాటలు పడ్త. జర పైలంగ పోయి రాండ్రి."

నేను కావాలని అడిగానన్న ఆలోచనే ఆ పిల్లకు రాలేదు. సిగ్గు వేసింది. సిగ్గుతో పాటు, చెప్తే నమ్మరు గానీ, మళ్లీ అసూయ కూడా వేసింది. ప్రయాణం మీద కాదు ఈసారి. అలాంటి మాట ఎదుటి మనిషి కోసం అంత తేలిగ్గా నోట్లోంచి రావడం మీద. నాకెప్పుడూ రాలేదు.

గ్లౌజులు తన చేతిలోనే పెట్టి పైకి వెళ్లాను. షీటు తెరిచి మూలనున్న నా సంతకం మేనేజర్‌కి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "మరి నిన్ననే చెప్పలేదేంటండీ?" అన్నాడు. ఆ అమ్మాయినే పంపండి అన్నాను. కొలత సంగతి చెప్పాను గానీ, జేబులో మడిచి పెట్టుకున్న కాగితం సంగతి చెప్పలేదు. తనకూ చెప్పలేదు. మొదటిసారి ఇక్కడే రాస్తున్నాను.

తను అక్టోబరులో వెళ్లింది. వారం తర్వాత ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. షెడ్డుకీ ఇంటికీ మధ్య తవ్విన కాలవలోకి దిగి నిలబడి ఉంది. ఎర్ర గ్లౌజుల చేతులు రెండూ పైకి ఎత్తి నవ్వుతోంది. ఆ ఏటి మొదటి మంచు తన చున్నీ మీద సన్నగా పడుతోంది. కింద, "సార్, మీరు చూసి రమ్మన్నరు కద, మంచు!" అని రాసింది.

చూసి పొంగిపోయానని రాస్తే అబద్ధం. కుళ్లుకున్నాను. అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్ల మీద, జనం తోసుకుంటూ పోతుంటే, చొక్కా వీపుకి అంటుకుని, నిలబడి కుళ్లుకున్నాను. తర్వాత ఫోటోని వేళ్లతో పెద్దది చేశాను. కాలవ అంచు తన భుజాల దాకా వచ్చింది.

"లోతు సరిపోయిందమ్మా" అని రాసి పంపాను.